మెథడిస్టు సభ్యత్వమునకు ప్రమాణము లెవ్వి?

స్మారక సంచికలందును, సంఘముల శతవార్షిక గ్రంథములందును, కుటుంబ చరిత్రలందును తెలుగు క్రైస్తవ ప్రముఖుల పట్టికలు ప్రకటించుట పరిపాటియైనది. పేరు, జన్మస్థలము, చేసిన ఉద్యోగము, చివర మతశాఖ. ఇదియే పట్టిక స్వరూపము. మొదటి మూడింటికి ఆధారము చూపుటకు సంకలనకర్తలు కొంత శ్రమపడుదురు. నాల్గవదానికి ఆధారము అడుగువారును లేరు, చూపువారును లేరు. ఒకడు మెథడిస్టు పాఠశాలలో చదివెను గనుక మెథడిస్టు. ఒకామె మెథడిస్టు ఆసుపత్రిలో నర్సుగా నుండెను గనుక మెథడిస్టు. వేరొకని పేరులో వెస్లీ యను మాట యున్నది, ఇంక సందేహ మేల? ఇట్లు చేరిన పేళ్లు ఒక సంచికనుండి మరియొక సంచికకు ప్రాకి, మూడవ సంచికనాటికి సర్వవిదిత విషయములుగా పరిణమించుచున్నవి.

ఇది స్వల్ప విషయము గదా, దీనికింత విచారణ యెందులకని కొందరు అనవచ్చును. బీదరు, కోలారు, బెంగుళూరు, మద్రాసు ప్రాంతములలో తరతరములుగా నెలకొన్న తెలుగు క్రైస్తవ కుటుంబములలో పెక్కింటికి వ్రాతమూలకమైన చరిత్ర మిక్కిలి కొద్ది. చెప్పుకొనదగిన భూమి పత్రములు లేవు. వంశావళి చదువు భట్టులు లేరు. ఆరాధన కన్నడములోనికో, తమిళములోనికో, ఇంగ్లీషులోనికో మారిన పిమ్మట, తెలుగు ఇంటిపేరు సిరాతో నిలిచియుండు తావు పలు సందర్భములందు సంఘపు రిజిస్టరే. అట్టి రిజిస్టరును తెరువకుండ పేరు చూచి శాఖను నిర్ణయించుట, ఉన్న ఒక్క సాక్షిని పిలువక తీర్పు చెప్పుటవంటిది. ఇందువలన చేరరానివారు పట్టికలో చేరుచున్నారు. అంతకంటె విచారింపదగినది, చేరవలసినవారు దానినుండి జారిపోవుచున్నారు.

మొట్టమొదట తేల్చుకొనవలసినది పదార్థము. దక్కనులో మెథడిస్టు అను మాట ఒక్క సంఘమునకు పేరు కాదు. బ్రిటిషు వెస్లియను మిషను 1870ల చివర సికింద్రాబాదున కాలూని, మెదకు, నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములకు వ్యాపించెను. 1895లో వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదకును కేంద్రముగా చేసికొనెను. ఆయన కట్టించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమయ్యెను. అమెరికను మెథడిస్టు ఎపిస్కొపలు సంఘము వేరు. విలియం టేలరు 1870లలో జరిపిన సువార్త సభల ఫలితముగా బొంబాయి, మద్రాసు, బెంగుళూరు, హైదరాబాదు నగరములలో దాని సంఘములు మొలకెత్తినవి. పిమ్మట బీదరు, వికారాబాదు ప్రాంతములకు ప్రాకినవి. కోలారులో మిస్ ఆన్‌స్టీ నెలకొల్పిన అనాథాశ్రమ కార్యము 1890లో ఆ సంఘము చేతికి వచ్చెను. మిషనులు ఒకరి క్షేత్రమున నొకరు ప్రవేశింపకుండ ఒప్పందము చేసికొనిరి గావున, పల్లెలలో నీ రెండు మెథడిస్టు శాఖలు సాధారణముగా ఎదురుపడలేదు. బెంగుళూరులో మాత్రము ఇరుగుపొరుగుగా నుండినవి. 1880లో మొదలైన బాల్డ్విన్ పాఠశాలలు అమెరికను మెథడిస్టులవి. హడ్సన్ స్మారక దేవాలయము వెస్లియనులది. 1920లో బెంగుళూరున నొక తెలుగు కుటుంబము మెథడిస్టు గుడికి పోయెనన్నచో, ఏ గుడికని మరల అడుగక తప్పదు.

1947 సెప్టెంబరు 27న ఈ భేదము మరింత ముఖ్యమైనది. ఆనాడు మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ప్రారంభమయ్యెను. ఆంగ్లికను డయోసీసులతోను, దక్షిణ ఇండియా ఐక్య సంఘముతోను కలిసి వెస్లియనులు అందులో లీనమైరి. అమెరికను మెథడిస్టులు కలియలేదు. వారు దక్షిణాసియా మెథడిస్టు సంఘముగా నుండి, 1981లో స్వతంత్రమైన భారత మెథడిస్టు సంఘముగా ఏర్పడిరి. దీని ఫలితమేమి? 1940లో మెదకున బాప్తిస్మము పొందిన శిశువును, బీదరున బాప్తిస్మము పొందిన శిశువును, ఇరువురును మెథడిస్టు సంఘముల బిడ్డలే, కాని ఒక్క సంఘపు బిడ్డలు కారు. 1950లో మెదకు శిశువు దక్షిణ ఇండియా సంఘపు బిడ్డ. బీదరు శిశువు మాత్రమే మెథడిస్టు. 1956లో బీదరు మైసూరు రాష్ట్రమున చేరుటచే రాజ్యపు సరిహద్దు మారినదే కాని సంఘపు చిరునామా మారలేదు. మెదకు పల్లెలో నొక ముసలమ్మ వెస్లియను. ఆమె కుమార్తె దక్షిణ ఇండియా సంఘస్థురాలు. ఇరువురును కూర్చున్న చాప మాత్రము ఒక్కటే!

ఈ తేదీని గమనింపని వ్రాతలలో రెండు దిక్కుల పొరపాట్లును కానవచ్చుచున్నవి. 1930లో గతించినవారిని దక్షిణ ఇండియా సంఘ సభ్యులని వ్రాయుదురు. అప్పటికి ఆ సంఘము పుట్టనే లేదు. 1960లో మెదకు గుడిలో వివాహమాడినవారిని, ఆ గుడి కట్టినది వెస్లియనులను కారణమున, మెథడిస్టులని వ్రాయుదురు. రాతి గోడకు శాఖ మారదు, మనుష్యులకు మారును. మహారాష్ట్రమున స్థిరపడిన తెలుగు కుటుంబములను గూర్చి వ్రాయువారు 1970 నవంబరు 29ని గూడ గుర్తుంచుకొనవలెను. ఆనాడు నాగపూరున ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘమున బ్రిటిషు, ఆస్ట్రలేసియా మెథడిస్టులు చేరిరి. అమెరికను పరంపరవారు అప్పుడును వేరుగనే యుండిరి.

పత్రముపై శాఖ పేరు లేనప్పుడు సయితము, అందలి పదవుల పేళ్లు దానిని పట్టియిచ్చుట కలదు. వెస్లియనులకు బిషప్పులు లేరు. వారి మండలమునకు పెద్ద చైర్మను. అమెరికను మెథడిస్టులకు బిషప్పు కలడు, వార్షిక కాన్ఫరెన్సు కలదు, జిల్లా సూపరింటెండెంటు కలడు. 1930 ప్రాంతపు కాగితమున బిషప్పుగారు హస్తనిక్షేపణము చేసి నిర్ధారణ యొసగిరని యున్నచో, అది మెథడిస్టు పత్రమగుటకంటె ఆంగ్లికను పత్రమగుటయే సంభావ్యము. 1912 మొదలు 1945లో కీర్తిశేషుడగువరకు అజరయ్యగారు బిషప్పుగానుండిన దోర్నకలు డయోసీసు వైపు చూడవలెను. అదే మాట 1955 నాటి మెదకు కాగితమున నున్నచో ఆశ్చర్యము లేదు. అప్పటికి అచ్చటను బిషప్పు వచ్చెను. ఇక గ్రామవృద్ధుల నోట ప్రతి మిషనరీయు దొరగారే. దొరగారు బాప్తిస్మమిచ్చినారన్న మాటలో భక్తి యున్నది, ఆనవాలు లేదు. ఆ దొరగారి పేరో, బంగళా యున్న ఊరో తెలిసినప్పుడే అది సాక్ష్యమగును.

శాఖ యేదో తేలిన పిమ్మట, సభ్యత్వమన నేమో తేలవలెను. ఇచ్చట మెథడిస్టు చరిత్రకే ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. జాన్ వెస్లీ ఇంగ్లండు సంఘపు గురువుగా అభిషేకము పొంది, 1791లో మరణించువరకు ఆ సంఘమును విడువలేదు. ఆయన స్థాపించినవి మొదట చర్చీలు కావు, సమాజములు. 1742లో బ్రిస్టలులో ప్రార్థనామందిరపు అప్పు తీర్చుటకై పన్నెండుగురికొక జట్టు చేసి, మనిషికి వారమునకొక పెన్నీ వసూలుచేయు ఏర్పాటు జరిగెను. ఆ వసూలు జట్లే క్లాసులైనవి. జట్టు పెద్ద క్లాసులీడరై ఆత్మవిచారణ చేయువాడయ్యెను. క్రమముగా హాజరగువారికి మూడు నెలలకొక టిక్కెట్టు ఇచ్చుచుండిరి. ఆ కాలపు మెథడిస్టుకు బాప్తిస్మము పేరిషు గుడిలో, వివాహము పేరిషు గుడిలో, సమాధి పేరిషు తోటలో. మూడు రిజిస్టర్లును అతడు ఇంగ్లండు సంఘస్థుడనియే చెప్పును. అతడు మెథడిస్టని చెప్పునది ఆ చిన్న టిక్కెట్టు ఒక్కటే. అవి పరస్పర విరుద్ధములు కావు, రెండును నిజములే.

ఈ పుట్టుక లక్షణము సంఘములు పెరిగి చర్చీలైన తరువాతను పూర్తిగా పోలేదు. మెథడిస్టు సంప్రదాయమున బాప్తిస్మము వేరు, పూర్ణ సభ్యత్వము వేరు. అమెరికను మెథడిస్టుల వార్షిక లెక్కలలో పూర్ణ సభ్యులు, పరీక్షాకాలమున నున్నవారు, బాప్తిస్మము పొందిన పిల్లలు అని వేర్వేరు అంకెలుండును. కనుక బాప్తిస్మపు రిజిస్టరు చెప్పునది ఒక రోజున నొక శిశువునో పెద్దనో ఫలాని సంఘపు కాపరి చేర్చుకొనెనని. ఇరువది యేండ్ల తరువాత ఆ వ్యక్తి యెచ్చటనుండెనో అది చెప్పదు, చెప్పజాలదు. ప్రొటెస్టంటు సంఘములు సామాన్యముగా ఒకరి బాప్తిస్మము నొకరు అంగీకరించును గావున, శాఖ మారినను రెండవ బాప్తిస్మము జరుగదు. రిజిస్టరులో మార్పు కానరాదు. బాప్తిస్టులు మాత్రము శిశుబాప్తిస్మము నంగీకరింపరు. నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల బాప్తిస్టు సంఘములలో చేరిన మెదకు మనిషికి మరల ముంచుట జరిగినచో, అచ్చట మాత్రము మార్పునకు వ్రాతమూలము దొరకును.

బాప్తిస్మమే కడపటి ప్రమాణమనువారికి జాన్ సుభాన్ జీవితము చక్కని సమాధానము. కలకత్తాలో ముస్లిము కుటుంబమున పుట్టి, సూఫీ మార్గమున నడచి, క్రైస్తవుడై, మొదట ఆంగ్లికను సంఘమున బాప్తిస్మము పొంది, నడుమ రోమను కాథలిక్కు సంఘమున నుండి, తుదకు మెథడిస్టైన వ్యక్తి ఆయన. సూఫీ మతమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1938లో వెలువడెను. 1940ల నడుమ ఆయన మెథడిస్టు బిషప్పుగా ఎన్నికయ్యెను. బాప్తిస్మపు రిజిస్టరు నొక్కదానిని చేతబట్టినవాడు ఒక మెథడిస్టు బిషప్పును మెథడిస్టు కాడని కొట్టివేయవలసివచ్చును.

ఆ కారణముచే సభ్యుల జాబితాకును, బదిలీ పత్రమునకును అగ్రస్థానమీయవలెను. వీటియందు ఇరుపక్షముల సమ్మతియు కలదు. మనిషి తన్ను చేర్చుకొమ్మనెను, సంఘము చేర్చుకొనెను. ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవు సభ్యునకు కాపరి వ్రాసియిచ్చు బదిలీ పత్రము మరింత విలువైనది. అందు రెండు సంఘములును, రెండు తేదీలును చిక్కును. వలసపోయిన తెలుగువారి విషయమున అంతకంటె కావలసిన దేమున్నది? వికారాబాదునుండి కోలారునకో, బెంగుళూరునకో పోయిన కుటుంబము పత్రముతో వచ్చినచో మెథడిస్టు ధార తెగలేదు. పత్రము లేక వచ్చి, ఇంటికి దగ్గరగా నున్న గుడిలో కూర్చున్నచో, అది తెగినదో లేదో వేరుగా విచారింపవలెను. సంఘపు కమిటీలో ఎన్నిక, స్థానిక ప్రసంగీకుడుగా నియామకము, క్లాసులీడరు పదవి గూడ ఈ తరగతిలోనివే. సభ్యుడు కానివానికి సామాన్యముగా నవి యీయరు.

గుడికి పోవుట వేరు, గుడిలో చేరుట వేరు. ఈ భేదమునకు అమెరికా అధ్యక్షుల చరిత్రలో స్పష్టమైన ఉదాహరణము లున్నవి. రూథర్‌ఫర్డ్ హేస్ భార్య లూసీ మెథడిస్టు. ఆయన ఆమెతో గూడ వాషింగ్టనులోని ఫౌండ్రీ మెథడిస్టు గుడికి క్రమముగా పోవుచుండెను. కాని ఏనాడును సభ్యుడుగా చేరలేదు. యులిసీస్ గ్రాంటు సయితము భార్యతో మెథడిస్టు గుడికి పోయెడివాడు. 1885లో వ్యాధి ముదిరి ప్రాణాపాయము కలిగినప్పుడు మెథడిస్టు కాపరి జాన్ న్యూమన్ ఆయనకు బాప్తిస్మ మొసగెను. విలియం మెకిన్లీ బాల్యమునుండి సభ్యుడు. కాంటను పట్టణపు మెథడిస్టు గుడిలో ఆదివారపు బడికి సూపరింటెండెంటుగా పనిచేసెను. ముగ్గురిని ఒక్క గాటకట్టి మెథడిస్టు అధ్యక్షులని వ్రాయు పట్టికలు కలవు. వారిలో నిస్సందేహముగా ఆ మాటకు తగినవాడు మెకిన్లీ ఒక్కడే. హేస్‌ను మెథడిస్టు గుడికి పోయెడివాడనుట సత్యము, మెథడిస్టనుట సత్యము కాదు. గ్రాంటు విషయమున జరిగిన సంగతిని జరిగినట్లు వ్రాసి, నిర్ణయమును చదువరికి విడుచుట ఉచితము. దేశాధ్యక్షుల విషయముననే ఇంత పొరపాటు జరుగుచుండగా, కాగితము తక్కువయైన కుటుంబముల విషయమున నెంత జాగరూకత కావలయునో వేరుగా చెప్పనక్కరలేదు.

పాఠశాల, ఆసుపత్రి, పేరు, పాటల పుస్తకము అను నాల్గింటిని గూర్చి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. సికింద్రాబాదు వెస్లీ పాఠశాలలోను, హైదరాబాదు స్టాన్లీ బాలికల పాఠశాలలోను, బెంగుళూరు బాల్డ్విన్ పాఠశాలలలోను చదివిన హిందువులు, ముస్లిములు లెక్కకు మించియున్నారు. 1910లో నెలకొన్న కోలారు మెథడిస్టు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డలందరును మెథడిస్టులైనచో, ఆ జిల్లాయందు మరియొక మతము మిగులదు! వెస్లీ యను పేరు తండ్రి యభిమానమునకు గుర్తు, కొడుకు సభ్యత్వమునకు గాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును లూథరనులును, బాప్తిస్టులును, దక్షిణ ఇండియా సంఘమువారును పాడుచున్నారు. దాని యట్టపై వ్రాసికొన్న పేరు ఆ మనిషి తెలుగు ప్రొటెస్టంటని మాత్రమే చెప్పును. సంవత్సరారంభమున జరుగు నిబంధన ఆరాధన వెస్లియనుల సొత్తనుట నిజమే. కాని 1947 తరువాత దక్షిణ ఇండియా సంఘము దానిని తన ఆరాధనక్రమమున చేర్చుకొనెను గావున అదియును ఇప్పుడు ఆనవాలు కాజాలదు.

సమాధులను గూర్చి మాత్రమొక మాట. కోలారు బంగారు గనులకు 1880 మొదలు జాన్ టేలరు కంపెనీ ఆధిపత్యమున ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతపు గని పనివారు పెక్కుమంది వచ్చిరి. కార్న్‌వాల్ మెథడిస్టుల కాణాచి. అందుచే అచ్చటి కార్నిషు పేరుగల ప్రతి రాతిక్రిందను ఒక మెథడిస్టు కలడని యూహించుట సులభము. ఊహ సహజమే, ప్రమాణము మాత్రము కాదు. గనులలో పనిచేసిన తెలుగువారి సమాధులకు ఈ న్యాయము మరింత వర్తించును. శ్మశానమున చోటు దొరకుట సభ్యత్వముకంటె సౌలభ్యమును బట్టియుండును. 2001లో గనులు మూతపడి కుటుంబములు చెదరిపోయినవి, రాళ్లు నిలిచినవి. రాతిపై పేరు, తేది యున్నచో అవి రిజిస్టరును వెదకుటకు దారిచూపును. రిజిస్టరుకు బదులు కాజాలవు.

ఇంతవరకు చెప్పిన నియమమును కఠినముగా పాటించినచో వేరొక అన్యాయము జరుగును. పాత జాబితాలు ఎవరు వ్రాసిరి? చదువువచ్చిన పురుషులు. ఎవరిని వ్రాసిరి? కుటుంబ పెద్దలను. బైబిలు స్త్రీ యనబడు పల్లె ప్రచారకురాలు ముప్పది యేండ్లు ఎండనక వాననక తిరిగి, చదువురాని స్త్రీలకు వాక్యము చెప్పి, కాన్పులకు తోడుండి, చందాలు పోగుచేసినను, మిషను లెక్కలలో నామెకు స్వంత పేరు లేక, ఫలాని ఊరి బైబిలు స్త్రీ యనియో, ఫలాని ఉపదేశి భార్య యనియో యుండుట అరుదు కాదు. రిజిస్టరులో మార్త, ఊరిలో మల్లమ్మ; ఈ ఇరువురును ఒక్కరేయని చెప్పగలవారు మనుమలు మాత్రమే. కాగితమే కావలెననువారు ఆమెను విడుచుదురు. కాగితమక్కరలేదనువారు, ఆమెతోబాటు మెథడిస్టు బడిలో చదివిన డిప్యూటీ కలెక్టరును చేర్చుదురు. రెండవవారి పట్టికలో నామె పేరు కనబడుననుకొన్నచో అదియును భ్రమయే. కలెక్టరు దొరకినచోట బైబిలు స్త్రీని వెదకువారు లేరు.

కావున నోటిమాటను త్రోసివేయుట తగదు. దానిని పరీక్షించుట నేర్వవలెను. మీ అవ్వ మెథడిస్టాయని యడిగినచో ఔననియే యుత్తరము వచ్చును. ఆ యుత్తరమునకు విలువ లేదు. సంస్కారమీయ వచ్చు అయ్యగారు ఏ ఊరినుండి వచ్చెడివారు, ఎన్ని నెలలకొకసారి, చందా ఎవరు పోగుచేసిరి, పంటపండుగ ధాన్యము ఏ బంగళాకు పోయెను, అవ్వకు జీతము ఎవరి చేతిమీదుగా ముట్టెను అని యడుగవలెను. ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానములలో శాఖ పేరు రానక్కరలేదు. బండి జహీరాబాదు వైపునుండి వచ్చెడిదని చెప్పిన మాట, మా వాళ్లు గొప్ప మెథడిస్టులని చెప్పిన మాటకంటె బలమైనది. ఏలనగా మొదటిదానిని కల్పించుటవలన చెప్పినవారికి లాభము లేదు. ఇద్దరు వేర్వేరు కుటుంబములవారు ఒక్క బండినే తలచుకొన్నచో, ఆ సాక్ష్యమును వ్రాతతో సమానముగా గైకొనవచ్చును.

ప్రభుత్వపు కాగితములకు వ్రాతరూపము కలదను గౌరవమున వాటిని పైతరగతిలో చేర్చువారున్నారు. ఈ విషయమున నవి దుర్బలములు. 1901, 1911 జనాభా లెక్కలలో క్రైస్తవులను శాఖలవారిగా చూపిరి. కాని అచ్చున నున్నవి మొత్తములే, వ్యక్తుల పేళ్లు కావు. ఒక తాలూకాలో ఇందరు మెథడిస్టులని తెలిసినంతమాత్రమున అందు ఫలానివాడు ఒకడని తేలదు. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు సంగతి మరింత సున్నితమైనది. ఆ ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులమున గణనకు మొదట హిందువులే అర్హులు, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశమునందును, తెలంగాణమునందును ఆ కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో సి వర్గముగా లెక్కింతురు. దీనివలన ఒకే మనిషికి ధ్రువపత్రమున నొక మతము, గుడి జాబితాలో నొక మతము ఉండు పరిస్థితి ఏర్పడినది. ధ్రువపత్రమున హిందువని యుండుట అతడు మెథడిస్టు కాడనుటకు చాలిన ఋజువు కాదు. కాని ఆ కాగితమును బట్టి అతని మతమును వీధిలోనికి ఈడ్చుట చరిత్రకారుని పని గాదు.

జీవించియున్నవారి విషయమున మార్గము మరొకటి. జాబితాలో పేరుండవచ్చును, తండ్రి కాపరి యగుగాక, వివాహము మెథడిస్టు గుడిలో జరిగియుండవచ్చును. తాను మెథడిస్టునని ఆ మనిషి స్వయముగా బహిరంగమున చెప్పనిచో పట్టికలో వ్రాయరాదు. విశ్వాసమును విడిచినవారు కలరు, వేరు సంఘమున చేరినవారు కలరు, ఏమియు చెప్పదలపనివారును కలరు. ఒక సంఘపు గౌరవము పెంచుటకై వారి పేరు వాడుకొనుట అనుమతి లేని అప్పు. తమ పట్టికలో నొక పెద్ద ఉద్యోగి తగ్గుననుటయే సంకలనకర్తల అభ్యంతరమైనచో, ఆ నష్టమును వారు భరింపగలరు.

ఇక పట్టిక రూపమునే మార్చవలసియున్నది. మెథడిస్టు అని యొక్క మాట వ్రాయుటకు మాత్రమే చాలిన గడిలో ఈ సంగతు లిముడవు. 1931లో మెదకు వెస్లియను సంఘమున బాప్తిస్మము, 1947 పిమ్మట దక్షిణ ఇండియా సంఘము, కోలారునకు వచ్చిన తరువాత అమెరికను మెథడిస్టు గుడిలో ఆరాధన, సభ్యత్వమునకు ఆధారము దొరకలేదు అని వ్రాసినచో మూడు పంక్తులు పట్టును. పట్టనిండు. ఆ మూడు పంక్తులలో నొక కుటుంబపు ప్రయాణము కలదు; ఒక్క మాటలో అది లేదు. ఏ పంక్తికి రిజిస్టరు ఆధారమో, దేనికి నోటిమాట ఆధారమో ప్రక్కన గుర్తుపెట్టుట గూడ అవసరము. తరువాత వచ్చువారు దేనిని సరిచూడవలెనో అప్పుడే తెలియును.

రిజిస్టర్లకు ప్రతులు తీయుచున్న యువకులు పేరు, తండ్రి పేరు, తేది, కాపరి సంతకము వ్రాసికొని, చివరనున్న గమనిక గడిని విడిచిపెట్టుట తరచుగా జరుగుచున్నది. అందులోని అక్షరములు చిన్నవి, సిరా వేరు, చేవ్రాతయు వేరు, చదువుటకు కష్టము. కాని బదిలీయైన ఊరు, చేరిన సంవత్సరము, పేరు కొట్టివేసిన కారణము, మారిన ఇంటిపేరు వ్రాయు చోటు అదియే. మొదట ప్రతి తీయవలసినది ఆ గడి.